మామ్మా, నేనూ, పొడుగు మెడ పీసుకే

మా మామ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. నాకు అప్పటికి బడిలో నేర్పినంత వచ్చు. అంటే అక్షరాలు కూడబలుక్కుని చదవడం, పరీక్షలో గట్టెక్కడం. అలాంటి మేమిద్దరం ఒక వేసవిలో కూర్చుని ఒక జపాన్ పిల్లల సినిమాను హిందీలో చూశాం. అదీ ముందు చివర చూసి, తర్వాత మొదలు చూశాం. మధ్యలో మిగిలిపోయిన భాగం చూడటానికి నాకు ఇంకో పదేళ్ళు పట్టింది.

ఆకివీడు దగ్గర మా ఊరు. పెంకుటిల్లు, వెనకాల పంట బోదె, దాని అవతల చేపల చెరువుల గట్లు. ఏడో తరగతి పరీక్షలు రాసి వచ్చిన సెలవులవి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ్మ మధ్య గదిలో చాప పరుచుకుని, చీర కొంగు ముఖం మీద కప్పుకుని నడుం వాల్చేది. నేను డబ్బా టీవీలో హంగామా అనే పిల్లల ఛానెల్ పెట్టుకుని సౌండు తగ్గించి చూసేవాణ్ణి. అప్పట్లో ఆ ఛానెల్లో రోజూ డోరెమాన్ అనే జపాన్ కార్టూన్. నా ఈడు వాళ్ళని అడిగి చూడండి, మాట్లాడే హిందీ చాలామందికి బళ్ళో కన్నా ఆ నీలం పిల్లి దగ్గరే వచ్చింది.

నీలం పిల్లి అనేది మామ్మ పెట్టిన పేరు. "చెవుల్లేని పిల్లేంట్రా?" అని మొదట్లోనే అడిగింది. చెవులు ఎలకలు కొరికేశాయని చెబితే, "పిల్లి చెవుల్ని ఎలకలు కొరకడమా!" అని రెండు రోజులు వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. అది రాబోయే కాలం నుంచి వచ్చిన మర బొమ్మ అని, 2112లో పుడుతుందని, చదువు రాని నోబితాకు తోడుగా ఉండటానికి వాడి మునిమనవడో ఎవరో పంపాడని నాకు తెలిసినంతలో చెప్పాను. మిగతా అన్నీ వదిలేసి మామ్మ "మునిమనవడు తాత కోసం పంపించాడా!" అంది. అక్కణ్ణుంచి కొంగు తీసి చూడటం మొదలుపెట్టింది.

ఆ రోజు పొద్దున్నుంచీ కరెంటు లేదు. మధ్యాహ్నం మూడు దాటాక వచ్చింది. టీవీ పెట్టేసరికి ఎప్పుడూ వచ్చే చిన్న కథ కాకుండా సినిమా నడుస్తోంది. సముద్రపు ఒడ్డు. కళ్ళజోడు నోబితా ఏడుస్తూ వెళ్ళిపోతున్నాడు. పొడుగు మెడ, చేతుల చోట తెడ్ల లాంటి రెక్కలు ఉన్న జీవి ఒకటి వాడి వెంట పడాలని చూస్తోంది. పిల్లాడు వద్దంటున్నాడు, వెళ్ళిపోమంటున్నాడు, మళ్ళీ ఏడుస్తున్నాడు.

మామ్మ లేచి కూర్చుంది.

"ఎందుకురా ఏడుస్తున్నాడు?"

"దాన్ని అక్కడ వదిలేసి వచ్చేస్తున్నాడు మామ్మా."

"అది ఎవరిది?"

నాకు తెలీదు. కాసేపటికి పేర్లు పడ్డాయి, సినిమా అయిపోయింది. ఎవరిదో, ఎక్కడిదో తెలియకుండానే మా ఇద్దరికీ గొంతు పట్టేసింది. మామ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పెంచినోడే అయ్యుంటాడు" అని లేచి కోళ్ళకి నూకలు వేయడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఛానెల్ వాళ్ళు ఒక సినిమా వేస్తే దాన్ని మళ్ళీ మళ్ళీ వేసేవాళ్ళు. పది రోజులకేమో, మళ్ళీ వస్తుందని ప్రకటన పడింది. ఆ రోజు మామ్మ పనులన్నీ పెందలాడే ముగించుకుని, "పొడుగు మెడది ఇవాళేనా?" అని నాకన్నా ముందు వచ్చి కూర్చుంది.

కథ ఇలా మొదలవుతుంది. నోబితా తోటి పిల్లాడు సునియో తన దగ్గరున్న టిరానోసారస్ గోరు శిలాజాన్ని అందరికీ చూపించి గొప్పలు పోతాడు. నోబితాకి రోషం వస్తుంది. "గోరేంటి, నేను డైనోసార్ మొత్తాన్నే తవ్వి తెస్తా. తేలేకపోతే ముక్కుతో స్పగెట్టీ తింటా" అని పందెం కాస్తాడు. స్పగెట్టీ అంటే మామ్మకి తెలీదని నేను "ముక్కుతో సేమ్యా తింటానంటున్నాడు" అని చెప్పాను. "సేమ్యానా! ఊపిరాడదు కదరా" అని మామ్మ నిజంగానే కంగారుపడింది. పిల్లాడు ఎండలో పడి తవ్వి తవ్వి ఒక రాయి తెచ్చుకుంటాడు. అది రాయి కాదు, గుడ్డు. నీలం పిల్లి సంచిలోంచి ఒక బట్ట తీస్తుంది. దాన్ని ఏ వస్తువు మీద కప్పితే ఆ వస్తువు కాలంలో వెనక్కి వెళ్తుంది, పాతది కొత్తదవుతుంది. కప్పగానే రాయి కాస్తా అప్పుడే పెట్టిన గుడ్డయిపోయింది. మామ్మ తన మోకాళ్ళు చూసుకుని "నా మోకాళ్ళ మీద కప్పమనరా కాస్త" అంది.

ఇక నోబితా ఆ గుడ్డుని దుప్పట్లో చుట్టుకుని, పక్క దిగకుండా, తన ఒంటి వేడితో పొదగడం మొదలుపెట్టాడు. అంతవరకూ నేను మామ్మకి కథ చెబుతున్నాను. అక్కణ్ణుంచి మామ్మ నాకు చెప్పడం మొదలుపెట్టింది.

మా మామ్మ కోడిని పొదగేయడం చూసి తీరాలి. కోడి కుదురుకుని పొదుగు మీదకు వచ్చిందని దాని గురక చూసి చెప్పేసేది. పాత వెదురు బుట్టలో సగం దాకా ఇసుక పోసి, పైన వరిగడ్డి మెత్తగా నలిపి పరిచేది. గుడ్లు ఒక్కొక్కటీ దీపానికి అడ్డం పెట్టి చూసి, పనికొచ్చేవి పదకొండు ఏరేది. ఒక్కోదాని మీద బొగ్గుతో చిన్న గీత గీసేది, కోడి మళ్ళీ కొత్త గుడ్డు పెడితే కలిసిపోకుండా. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని బుట్టలో ఒక ఇనప మేకు, ఒక బొగ్గు ముక్క పడేసేది. చీకటి పడ్డాక కోడిని తెచ్చి కూర్చోబెట్టేది. ఇరవయ్యో రోజున గుడ్డుని చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. లోపల పిల్ల ముక్కుతో కొట్టే చప్పుడు వినిపిస్తే ఆవిడ ముఖంలో వచ్చే మార్పు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నా చెవి దగ్గర పెట్టి "విన్నావా? తలుపు కొడుతోంది" అనేది.

అలాంటి మనిషి నోబితా పొదగడం చూస్తోంది. "అలా కాదురా, తిప్పాలి. ఒకవైపే వేడి తగిలితే పిల్ల అతుక్కుపోద్ది." "వాళ్ళమ్మ పిలుస్తుంటే వెళ్తాడేంటి, చల్లారిపోద్ది!" గుడ్డు చిట్లి, ఇంత తల బయటపెట్టి అది మొదటిసారి నోబితాని చూసినప్పుడు మామ్మ రెండు చేతులూ దగ్గరకు చేర్చుకుంది. తర్వాత వచ్చిన మాట మాత్రం నేను ఊహించలేదు.

"పాపం, వదిలేయాల్సొస్తదని ఆడికింకా తెలీదు."

అప్పుడు గుర్తొచ్చింది, చివర మాకు తెలుసు. వాడు దానికి పీసుకే అని పేరు పెడుతున్నా, చేప ముక్కలు తినిపిస్తున్నా, బంతి విసిరి ఆడిస్తున్నా, మాకు మాత్రం ఆ ఒడ్డు కనిపిస్తూనే ఉంది. తర్వాత ఎన్నో సినిమాలు చూశాను, ఏదీ అలా తెలిసి చూడలేదు. నవ్వే చోట కూడా గుండె బరువుగా ఉండేది. పీసుకే చేపలు తింటుందని తెలియగానే మామ్మ "మన కొల్లేట్లో వదిలేయమనరాదూ" అంది. దగ్గర్లోనే ఉంటుంది, అప్పుడప్పుడూ వెళ్ళి చూసుకోవచ్చని.

పీసుకే పెరిగిపోతుంది. ఇంట్లో దాచలేరు. దాని కాలానికి దాన్ని పంపేయాలని కాలయంత్రంలో ఎక్కించి కోట్ల ఏళ్ళ వెనక్కి తీసుకెళ్ళి సముద్రంలో వదిలి వస్తారు. అక్కడ మొదటిసారి విడిపోతారు. నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. మామ్మ మాత్రం టీవీ వైపు చూస్తూనే బాతుల సంగతి ఎత్తింది.

తనకి పెళ్ళయిన కొత్తలో ఒక కోడి కింద బాతు గుడ్లు పెట్టిందట. కోడి గుడ్లయితే ఇరవై ఒక్క రోజులు, బాతు గుడ్లయితే ఇరవై ఎనిమిది. ఆ కోడి ఆ ఏడు రోజులూ అదనంగా కూర్చుంది, లేవలేదు. పిల్లలు దిగాయి. వాటిని వెంటేసుకుని పెరడంతా తిప్పింది, చెత్త కెలికి పురుగులు చూపించింది. ఒకరోజు బోదె గట్టుకి వెళ్ళేసరికి పిల్లలన్నీ ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి దిగిపోయాయి. కోడి గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకి పరుగులు, ఒకటే అరుపు. నీళ్ళలో కాలు పెట్టి మళ్ళీ వెనక్కి. మామ్మ రేవులో గిన్నెలు తోముతూ చూసిందట. "అవి హాయిగా ఈదుకుంటూ పోయాయిరా. మునుగుతాయేమోనని దీని భయం. పొద్దుగూకే దాకా గట్టు మీదే ఉంది." అని చెప్పి కాసేపాగి, "ఇది పెంచింది గానీ, వాటి నీళ్ళు వాటివి" అంది.

అంతలో కరెంటు పోయింది.

ఎప్పుడొస్తుందో తెలీదు. ఆ రోజు రాలేదు. తర్వాత మళ్ళీ ఆ సినిమా వేసినప్పుడు నేను ఊళ్ళో లేను, బడి తెరిచారు. మధ్య భాగం నాకు అలా మిగిలిపోయింది. చిత్రం ఏంటంటే, మామ్మ మాత్రం సినిమా మొత్తం చూసినట్టే మా బాబాయి పిల్లలకి కథ చెప్పేది. మధ్యలో ఆవిడ కథలో బోదె ఉండేది, బాతులు ఉండేవి.

2019లో ఉద్యోగం మీద టోక్యో వచ్చాను. నిషి కసాయ్‌లో గది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేట, కందిపప్పు, చింతపండు అన్నీ దొరుకుతాయి. వచ్చిన మొదటి నెలల్లోనే ఆ సినిమా వెతుక్కుని చూశాను. అప్పుడు తెలిసింది, అవి రెండు సినిమాలని. మొదటిది 1980 మార్చి 15న వచ్చింది. డోరెమాన్ పెద్ద సినిమాల్లో అదే తొలిది. అక్కణ్ణుంచి దాదాపు ప్రతి వసంతానికీ ఒకటి వస్తూనే ఉంది. మనకి సంక్రాంతి సినిమా ఎలాగో ఇక్కడి పిల్లలకి మార్చి నెలలో డోరెమాన్ అలాగ. అదే కథని మళ్ళీ కొత్తగా తీసింది 2006లో. మేం చూసింది ఆ రెండోది. ఈ కథని సృష్టించిన ఫుజికో ఎఫ్. ఫుజియో 1996లోనే పోయారు.

మధ్య భాగం మొత్తం ఒక ప్రయాణం. దారిలో ఒక దుండగుడు దాడి చేయడం వల్ల కాలయంత్రం గాడి తప్పి, పీసుకేని జపాన్ సముద్రంలో కాకుండా అమెరికా వైపు వదిలేశారని తర్వాత తెలుస్తుంది. అక్కడి పొడుగు మెడ జీవులు దాన్ని తమలో కలుపుకోవు, తరుముతాయి. దాన్ని సొంత సముద్రానికి చేర్చాలని స్నేహితులంతా కలిసి వెళ్తే, ఈసారి యంత్రం చెడిపోతుంది. కాలంలో ముందుకు వెళ్ళగలదు గానీ చోటు మారలేదు. కాలయంత్రం దారి నోబితా చదువుకునే బల్ల సొరుగులోంచే. అందుకని ఇంటికి చేరాలంటే ఆ సొరుగు ఏ చోట ఉంటుందో సరిగ్గా ఆ చోటికి, జపాన్ దాకా, నేల మీద ప్రయాణం చేసి వెళ్ళాలి. అప్పట్లో అమెరికా, ఆసియా నేలతో కలిసి ఉండేవి కాబట్టి దారి ఉంది. తల మీద పెట్టుకుని ఎగిరే పంకాలున్నాయి గానీ ఆపకుండా వాడితే బ్యాటరీ అయిపోతుంది. ఆగి, నడిచి, మళ్ళీ ఎగిరి. మీదికొచ్చిన టిరానోసారస్‌ని ఒక ఉండ తినిపించి మచ్చిక చేసుకుంటారు. ఆ ఉండ ఇక్కడి జానపద కథలో మొమొతారో అనే పిల్లాడు కుక్కకీ కోతికీ పెట్టి తోడు తెచ్చుకున్న చిరుధాన్యపు ఉండ. మామ్మ చూసి ఉంటే సున్నుండ అనేది.

నన్ను పట్టుకుని కదలనివ్వనిది జియాన్ ఉన్న ఒక్క చోటు. వాడు ఊళ్ళో పిల్లలందరినీ కొట్టే మొండివాడు. గాలిలో ఉండగా జియాన్ పంకా చెడిపోయి పడిపోబోతుంటే నోబితా చెయ్యి పట్టుకుంటాడు. వాడి బరువుకి తనూ కిందికి జారిపోతున్నా వదలడు. తర్వాత, పీసుకేని ఇచ్చేస్తే మిమ్మల్ని ఇంటికి చేరుస్తామని దాన్ని వేటాడేవాళ్ళు బేరం పెడతారు. సునియోకి ఇంటికి వెళ్ళిపోవాలని ఉంది, అది తప్పు కూడా కాదు, చిన్నపిల్లాడు. అప్పుడు జియాన్ తను నడిచే వస్తానంటాడు. అప్పుడు నోబితా తన చెయ్యి వదలలేదు కదా అని. పెద్ద మాటలేమీ ఉండవు. నేను చిన్నప్పుడు ఆ భాగం చూడకుండా పెరిగినందుకు చాలా బాధపడ్డాను. అది పన్నెండేళ్ళప్పుడు చూడాల్సిన సన్నివేశం.

2021 మే నెలలో మామ్మ పోయింది. కరోనాతో రాకపోకలు అప్పుడున్న పరిస్థితిలో నేను వెళ్ళలేకపోయాను. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

ఆ మరుసటి ఏడు ఒక ఆదివారం ఉయెనోలోని జాతీయ ప్రకృతి విజ్ఞాన మ్యూజియానికి వెళ్ళాను. పీసుకే అక్కడుంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు. కథలో పీసుకే ఏ జాతిదో ఆ జాతి నిజంగా ఉంది. 1968లో ఫుకుషిమా ప్రాంతంలోని ఇవాకిలో సుజుకి అనే హైస్కూలు కుర్రాడికి ఒక ఏటి ఒడ్డున ఎముకలు కనిపించాయి. జపాన్‌లో అంతకుముందు అలాంటిది దొరకలేదు. దాన్ని ఫుటబా సుజుకి ర్యూ అని పిలుచుకున్నారు. ర్యూ అంటే డ్రాగన్. ఏడేళ్ళకి, 1975లో, ఫుజికో దాన్ని కథలోకి తెచ్చారు. ఒక మామూలు బడిపిల్లాడు తవ్వి పెద్ద జీవిని బయటికి తీయడం నోబితా కథ మాత్రమే కాదన్నమాట. శాస్త్రవేత్తలు అన్నీ సరిచూసి దానికి ఫుటబాసారస్ సుజుకీ అని అధికారికంగా పేరు పెట్టేసరికి 2006 వచ్చింది, దొరికిన ముప్ఫై ఎనిమిదేళ్ళకి. మేం చూసిన సినిమా విడుదలైంది కూడా ఆ ఏడాదే.

పైన వేలాడదీసిన అస్థిపంజరం కింద నిలబడ్డాను. మెడ అలా సాగుతూనే ఉంది. నాలుగు తెడ్లూ చాచి, ఇప్పుడే ఒక మలుపు తిరగబోతున్నట్టు ఉంది. అసలు ఎముకల్లో, వాటి చుట్టూ షార్కు పళ్ళు దొరికాయట. సినిమాలో దాన్ని తరిమేవాళ్ళని చూసి భయపడ్డాను గానీ, నిజంగా కూడా దాని సముద్రం అంత సులువైనది కాదు. పక్కనే ఒక చిన్న పిల్ల వాళ్ళ తాత చెయ్యి పట్టుకుని "పీసుకే!" అని అరిచింది. తాత కూడా "పీసుకే" అన్నాడు, బంధువుల్ని చూసినట్టు.

తర్వాత చదివితే ఇంకో సంగతి తెలిసింది. ఈ జాతిని అసలు డైనోసార్ అనరట, సముద్రపు సరీసృపాల్లో వేరే శాఖ. ఇంకా ముఖ్యమైంది, ఈ శాఖలోనే ఇంకో జీవి శిలాజంలో, కడుపులో పిల్ల ఉన్నట్టు 2011లో తేల్చారు. ఇవి గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయని. అంటే నోబితా పొదిగిన గుడ్డు ఉండటానికి వీల్లేదు. చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. నా దృష్టిలో మాత్రం ఆ గుడ్డు ఉంది. దాని మీద బొగ్గు గీత కూడా ఉంది.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి 2020 ఆగస్టు సంగతి చెప్పాలి. కరోనా వల్ల ఆ ఏడాది డోరెమాన్ సినిమా మార్చిలో రాలేదు, ఆగస్టు 7న వచ్చింది. అది కూడా డైనోసార్ కథే, కానీ కొత్తది. ఇందులో నోబితా పొదిగిన గుడ్డులోంచి కవల పిల్లలు వస్తాయి. హాల్లో సీటు విడిచి సీటు కూర్చోబెట్టారు, అందరికీ మాస్కులు. ఒక చోట నోబితా సముద్రంలో మునిగిపోతాడు. ఊపిరి అందదు. అప్పుడు కింద నుంచి పొడుగు మెడ ఉన్న ఒక పెద్ద జీవి వచ్చి వాణ్ణి పైకి చేరుస్తుంది. కొద్ది క్షణాలే. పేరు పెట్టి ఎవరూ పిలవరు. కానీ హాల్లో పిల్లల్ని తీసుకొచ్చిన పెద్దవాళ్ళంతా ఒక్కసారిగా కదిలారు. ముందు వరుసలో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

బయటికి రాగానే ఊరికి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం, మామ్మ నడుం వాల్చే వేళ. బాబాయి ఫోన్ తీసుకెళ్ళి ఆవిడ ముఖానికి మరీ దగ్గరగా పెట్టాడు, నాకు నుదురు, ఒక కన్ను మాత్రమే కనిపిస్తున్నాయి.

"మామ్మా, నీలం పిల్లి సినిమా చూసొచ్చాను. పొడుగు మెడది కనిపించింది."

"ఏది, ఆడు వదిలేసి వచ్చిందా?"

"అదే."

"పెద్దదయ్యిందా?"

"బాగా పెద్దదయ్యింది."

కాసేపు మాట లేదు. ఫోన్ కదిలి పైకప్పు పెంకులు కనిపించాయి, మళ్ళీ ఆవిడ కన్ను.

"ఆణ్ణి గుర్తుపట్టిందంటరా?"

"పట్టింది మామ్మా. నీళ్ళలోంచి వచ్చి పైకి తీసింది."